యారాలి థైరాయిడ్

పొద్దున లేవగానే పరగడుపున థైరాయిడ్ గోలీ మింగి, గంటదాకా ఏమీ తాగకూడదు కనుక టీ కోసం కాచుకుని కూర్చునేదాన్ని నేను. అమీర్‌పేటలో మా బ్లౌజుల దుకాణం తెరిచే వేళకి ఇంట్లో అందరికీ రెండో టీ అయిపోతుంది, నాకు మొదటిదే ఉండదు. కూతురు కడుపులో ఉన్నప్పుడైతే డాక్టరమ్మ మందు పెంచింది, ఊకూకే రక్తం తీయించింది. ఏ రిపోర్టు వచ్చినా గుండె దడదడే.

అలాంటిది, మా మరిది పెళ్లాం, నా యారాలు, గర్భం నిలిచిందని తెలిసిన సాయంత్రమే మైత్రీవనం ముందు నిలబడి మిర్చిబజ్జీలు తిని, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది. వాంతుల్లేవు, నీరసం లేదు. బుగ్గలు మాత్రం నిగనిగ. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. దాచడమెందుకు?

తర్వాత ఆమె రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ పక్కన లావు అక్షరాలతో 'తక్కువ' అని ఉంది. అది చూసి నాకు సంతోషం కలిగిందని అనను. సంతోషానికి దగ్గరి చుట్టమేదో కలిగింది.

మా ఇంట్లో మందులన్నీ ఒకే స్టీలు డబ్బాలో ఉంటాయి. మామ గ్యాస్ గోలీ మరిది మింగుతాడు, మరిది నొప్పుల మందు మామ పూసుకుంటాడు. ఎవరి బాధకి ఎవరి మందైనా సరే. అత్తమ్మ ఆ డబ్బా తెరిచి నా గోలీల సీసా బయటికి తీసింది.

"థైరాయిడ్ తక్కువున్నదట గదా. నీదొక గోలీ చెల్లెకియ్యి. బిడ్డ తెలివికి గదే ముఖ్యమంటరు."

"తక్కువున్నది థైరాయిడ్ కాదు అత్తమ్మా. టీఎస్‌హెచ్ అంటే దానికి మెదడు పంపే హుకుం. థైరాయిడ్ మొద్దులెక్క పడి ఉంటే హుకుం పెరుగుతది, నాకు పెరిగినట్టు. అది జోరుగ పని చేస్తుంటే హుకుం తగ్గుతది. ఈమెకు నా గోలీ వద్దు."

"గోలీ ఇయ్యనీకి సుత కుళ్లేనా నీకు?"

ఇదీ నా కర్మ. కుళ్లున్న మాట నిజం, నేను చెప్పిన మాటా నిజం. మొదటిది ఇంట్లో అందరికీ ముందే తెలుసు కాబట్టి రెండోది ఎవరూ నమ్మరు.

యారాలు ఒక చేతిలో అత్తమ్మ తీసిచ్చిన గోలీ, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అక్కా, నిజం చెప్పు. వేసుకుంటే బిడ్డకు మంచిదా, చెడ్డదా?"

"నాకు నీ మీదనే మంట, బిడ్డ మీద లేదు. ఆ గోలీ కింద పెట్టి చెప్పులేసుకో. డాక్టర్ దగ్గరికి పోదాం."

ఆటోలో పంజాగుట్ట దాటి సోమాజిగూడ చేరాం.

డాక్టరమ్మ ఆమె మెడ తడిమింది, నాడి చూసింది, రిపోర్టులో మిగతా థైరాయిడ్ అంకెలు చదివింది. "ఆరోగ్యంగా ఉన్న గర్భంలో మొదటి నెలల్లో ఇది మామూలేనమ్మా. గర్భం వల్ల ఊరే హార్మోనే థైరాయిడ్‌ని తట్టి లేపుతుంది. తల్లికీ బిడ్డకీ కలిపి అది ఎక్కువ పని చేస్తుంది. అప్పుడు మెదడు తన హుకుం తగ్గించుకుంటుందన్నమాట. ఇక్కడ అచ్చేసిన కొలత గర్భిణులది కాదు, మామూలు వాళ్లది. మందేమీ వద్దు, కొన్ని వారాలాగి మళ్లీ చూద్దాం."

"నా గోలీ వేసుకుని ఉంటే?" అని అడిగాను.

"ఉన్నదాని మీద ఇంకా ఎక్కువయ్యేది. ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇయ్యలేదు," అన్నాను.

వాదన నేనే గెలిచాను. అయినా కడుపు చల్లబడలేదు. నేను రోజూ సీసాలోంచి తెచ్చుకునే హార్మోన్‌ని, డాక్టరమ్మ పెంచితే తప్ప పెరగనిదాన్ని, ఈమె మెడ బజ్జీలు తింటూ తనంతట తానే తయారు చేసుకుంటోంది! ఒకరికి చెప్పేది లేదు, అడిగేది లేదు. జడలను చూసి, నగలను చూసి ఏడ్చే ఆడవాళ్లను చూశాను. పక్కదాని గొంతులోని గ్రంథిని చూసి ఏడ్చింది నేనొక్కదాన్నేనేమో.

తిరిగి ఆటో ఎక్కగానే అత్తమ్మ ఫోన్.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"నీ కోడలి థైరాయిడ్ మస్తుగ పని చేస్తున్నదట. బిడ్డకు ఫికర్ లేదు."

"ఏ కోడలిది?"

"పని చేసేది ఒక్కదానిదే గదా అత్తమ్మా!"

యారాలు నవ్వాపుకోలేక నా భుజం మీద వాలిపోయింది. జరుగుదామంటే ఆటోలో జాగా లేదు.