పెట్టె తేవల్లా, బ్యాగు తేవల్లా

కువైట్ నుంచి హేమావతి పంపిన రెండు ఫొటోలు ఫోనులో టింగుమన్నప్పుడు ఓబులేష్ కొత్తచెరువు సర్కిల్‌లోని పంక్చర్ షాపులో లారీ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు. బుడగ దొరికాక, అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టాక, చేతులు ప్యాంటుకు తుడుచుకుని భార్య ఏం పంపిందో చూశాడు.

మొదటి ఫొటోలో నల్లటి పెట్టె. బేస్ గిటారును భద్రంగా పెట్టుకునే గట్టి పెట్టె, హార్డ్ కేసు అంటారు. మూత తెరిచి ఫొటో తీసింది. లోపలంతా ఎర్ర మఖ్మల్ గుడ్డ. కొత్తచెరువు కల్యాణమంటపంలో పెళ్ళికొడుకు కూర్చునే కుర్చీకి కూడా అంత మంచి గుడ్డ వేయరు. రెండో ఫొటోలో బ్యాగు. మందపాటి గుడ్డ, లోపల మెత్తటి స్పాంజి, వీపుకు తగిలించుకోవడానికి రెండు పట్టీలు. ఫొటోల కింద హేమావతి గొంతు.

“ఏమప్పా, మా మేడమ్ కొడుకు చదువుకోను లండన్ పోతాండాడు. ఆయప్పకు గూడా నీ మాదిరే గిటారుండాది. ఈ రెండిట్లో నీకేది కావల్లో తీసుకో అన్నాడు. పెట్టె తేవల్లా, బ్యాగు తేవల్లా? సామాను కట్టుకోవల్ల. శుక్రారం లోపల చెప్పు.”

అడగడం తేలికే. బ్యాగయితే సూట్‌కేసు అడుగున మడిచి పరుచుకుంటుంది. పెట్టె మడతపడదు. విమానం వాళ్ళు దాన్నొక పూర్తి సామాను కింద లెక్కేస్తారు. అది ఎక్కిందంటే రెండేళ్ళుగా హేమావతి ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న దుప్పట్లు, పింగాణీ కప్పులు, మేనకోడలి కోసం దాచిన ఎర్ర కోటు అక్కడే దిగిపోవాలి. ఆ మాట హేమావతి చెప్పలేదు. పదో తరగతిలో లెక్కల పేపరును తెల్లగా ఇచ్చి వచ్చినవాడికి కూడా ఆ లెక్క తెలుస్తుంది. ఓబులేష్ అలా ఇచ్చి వచ్చినవాడే.

గొంతును రెండోసారి విన్నాడు. ఫోను జేబులో వేసుకుని ట్యూబుకు సొల్యూషన్ పూశాడు.

ఓబులేష్ ఎప్పుడూ పంక్చర్లే వేశాడనుకుంటే పొరపాటు. పెళ్ళిళ్ళకూ జాతర్లకూ ఆర్కెస్ట్రా పిలిచే రోజుల్లో అతను బేస్ గిటారు పట్టుకుంటే నాలుగు మండలాల్లో పెళ్ళికూతుళ్ళ ముక్కుపుడకలు అదిరేవి. పెనుకొండ కోటగోడ నుంచి పిడికెడు మట్టి రాలిందని కూడా చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పుకున్నది అతని పక్కన డ్రమ్స్ వాయించిన రాఘవేంద్రే అనుకోండి, అయినా మట్టి రాలింది రాలిందే. బుక్కపట్నంలో ఒకసారి పాట మధ్యలో కరెంటు పోతే, జనరేటరు అందుకునేదాకా ఓబులేష్ మోగించిన చివరి మోత పందిట్లో అలాగే నిలబడి ఉందట. దాని కిందే జనం భోజనం కూడా కానిచ్చారట.

ఆ తర్వాత డీజేలు వచ్చాయి. ఆర్కెస్ట్రా మొత్తం కలిసి చేసే పనిని ఒక టెంపో, ఒక పెన్‌డ్రైవ్ చేయడం మొదలుపెట్టాయి. రాఘవేంద్ర తెలివైనవాడు, డ్రమ్స్ అమ్మి టెంపో కొన్నాడు. ఓబులేష్ కూడా గిటారు అమ్మేద్దామనే అనుకున్నాడు. ధర్మవరం నుంచి ఒకాయన వచ్చి చూసి పోయాడు కూడా. అడ్డుపడింది హేమావతి.

“అది అమ్మితే నువ్వు ఉత్త ఓబులేషువి అయిపోతావు,” అంది. “ఇల్లు జరగడానికేగా? నేను పోయొస్తా రెండేండ్లు. నువ్వు దాన్ని మాత్రం ఇడిసిపెట్టద్దు.”

అలా ఆమె కువైట్‌లో పరాయి ఇంటి గదులు తుడవడానికి పోయింది. పిల్లలు లేని ఇంట్లో ఓబులేష్, గోడ మేకుకు గిటారు మిగిలారు.

మొదట్లో బాగానే వాయించాడు. తర్వాత వారానికొకసారి శ్రుతి చేసి తగిలించేవాడు. తర్వాత చేయడం మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. అతను కూడా తనను తాను అడగలేదు. అక్కడి నుంచి దాని నాలుగు తీగలూ ఒక్కొక్కటిగా పోవడం మొదలైంది.

అన్నిటికంటే లావుదాన్ని పక్కింటి పుల్లన్న పట్టుకుపోయాడు. ఆయన వేరుశనగ చేనికి అడవిపందులు దూరే కంత ఒకటుంది. దానికి అడ్డంగా కట్టి డబ్బాలు వేలాడదీయడానికి తెగని తంతి కావాలని వచ్చాడు. ఓబులేష్ గోడ వైపు చూసి, “దాంట్లోది తీసుకో అన్నా,” అన్నాడు. ఆ పైన పంది వచ్చి తీగ మీటి పోయిందనీ, ఓబులేష్ కంటే తాళం బాగా పట్టిందనీ, మర్నాడు చుట్టపక్కాలను కూడా వినడానికి వెంటబెట్టుకొచ్చిందనీ పుల్లన్న ఊరంతా చెప్పాడు.

రెండోది రాఘవేంద్ర టెంపో సైలెన్సర్ ఊడిపోతే కట్టడానికి పోయింది. ఆ రోజు నుంచి టెంపో శ్రుతి తప్పకుండా మోగుతోందనీ, వెనక వచ్చే లారీలవాళ్ళు హారన్ కొట్టడానికి సిగ్గుపడుతున్నారనీ రాఘవేంద్ర మాట. మూడోది కోతులు తీయకుండా మిద్దె మీది నీళ్ళ ట్యాంకు మూతకు బిగించాడు. సన్నటిది మేనత్త బయమ్మకు దక్కింది. ఆమె ఉట్టి తాడును ఎలుకలు కొరికేస్తుంటే దూలానికి ఈ తీగ వేసి పెరుగు కుండ తగిలించింది. ఈ జిల్లాలో అంత ఖరీదైన ఉట్టి ఇంకెవరికీ లేదు.

లెక్క ప్రకారం మొదటి తీగ పోయినప్పుడే మనసు చివుక్కుమనాలి. అనలేదు. నాలుగోదానికీ అనలేదు. ఎవరో అడిగారు, ఇచ్చాడు. మేకుకు చెక్క మిగిలింది. స్నానం చేసి వచ్చి తువ్వాలు దాని మీదే వేస్తున్నాడు.

హేమావతి మాత్రం ఫోను చేసినప్పుడల్లా అడిగేది, వాయిస్తున్నావా అని. అతను ఊఁ అనేవాడు. తిన్నావా అన్నా ఊఁ, వానొచ్చిందా అన్నా ఊఁ. అన్నిటికీ ఒకే జవాబు కాబట్టి అందులో ఏది అబద్ధమో ఆమెకు తెలిసే దారి లేదు.

ఫొటోలు వచ్చిన మర్నాడు రాఘవేంద్ర టైరులో గాలి పట్టించుకోవడానికి షాపుకు వచ్చాడు. ఓబులేష్ ఫోను చూపించాడు. రాఘవేంద్ర పెట్టెను వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, లోపలి మఖ్మల్‌ను మెచ్చుకుని, పెట్టే తెప్పించుకోమన్నాడు. పెళ్ళాం అలిగి బయటికి గెంటితే పడుకోవడానికి పనికొస్తుందట, రెండు చిలుకులు వేసుకుంటే దోమలు కూడా రావట. కాసేపు నవ్వి, తర్వాత నవ్వు మానేసి గొంతు తగ్గించాడు.

“తీగలు ల్యావని హేమక్కకు తెలుసునా?”

“తెలీదు.”

“అనంతపురం పోయి ఒక సెట్టు తెచ్చుకో. అరగంట పని. ఆయమ్మ వచ్చేతలికి మోగుతాంటాది. ఎవురికి తెలుస్తాది?”

ఓబులేష్ తలూపాడు. నిజమే, అరగంట పనే. మర్నాడు షాపుకు సరుకు కోసం అనంతపురం పోయాడు కూడా. ప్యాచులు కొన్నాడు, సొల్యూషన్ డబ్బాలు కొన్నాడు, వాయిద్యాల దుకాణం ముందు నుంచే నడిచి బస్టాండుకు వచ్చాడు. దుకాణం తెరిచే ఉంది. అతను మర్చిపోలేదు. కాళ్ళు ఆగలేదు, అంతే.

బయమ్మ కూడా తన ఓటు వేసింది. పెట్టెకు మూత గట్టిగా ఉందా అని అడిగి, ఉందంటే, విత్తనం కాయలు పోసుకోవచ్చు, ఎలకలు దూరవు, పెట్టే చెప్పమంది. అందరికీ పెట్టే కావాలి. ఓబులేష్‌కు ఏది కావాలో ఓబులేష్‌కే తెలియలేదు. రోజూ తువ్వాలు తీసి ఆ చెక్క వైపు చూసి, పెట్టెనా, బ్యాగా అని తనను తానే అడిగి చూశాడు. ఎండిన బోరుకు మోటరు వేస్తే పైపులో గాలి గుర్రుమంటుంది చూడండి, లోపల అంతే శబ్దం వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం వీడియోలో హేమావతి ముఖం వచ్చింది. వంటింటి వెనక బట్టలు ఉతికే మిషన్ పక్కన స్టూలేసుకుని కూర్చుంది. నువ్వు చెప్పేలా లేవని నేనే పెట్టె అనుకున్నా అంది. దుప్పట్లు తోటి పనిమనిషికి ఇచ్చేసిందట. కప్పులు కూడా ఇవాళ సాయంత్రం ఇచ్చేస్తుందట. బ్యాగులో పెడితే బస్సులో ఎవరైనా ఆనుకుంటారు, పెట్టెలో అయితే లారీ ఎక్కినా ఏమీ కాదు, ఇన్నేళ్ళు నిలిపినదాన్ని ఇప్పుడు పాడుచేసుకోవడం ఎందుకు అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది.

“పెట్టె వద్దు,” అన్నాడు ఓబులేష్.

“ఎందుకు?”

“తీగలు ల్యావు దానికి.”

“తెగినాయా?”

“ఇచ్చేసినా.”

ఎవరికి, దేనికి ఇచ్చాడో వరసగా చెప్పాడు. పందుల దగ్గర ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సైలెన్సర్ దగ్గర భుజాలు కదిలాయి. ఉట్టి దగ్గరికి వచ్చేసరికి నవ్వడం లేదు.

“కొత్తవి ఏసుకోవచ్చు గదా.”

“ఏసుకోవచ్చు.”

“మరి?”

“ఏసుకోవల్ల అనిపించల్యా.” ఓబులేష్ ఫోనును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “నువ్వు పోయినంక ఏదీ అనిపించల్యా మే. వాయిస్తాండా అని ఉత్తిదే చెప్తాంటి. నువ్వు వస్తాండావు అంటే గూడా...”

మిగతాది చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే ఆమెకు తెలిసిపోయింది. మిషన్ బట్టలు పిండుతూ స్టూలును కూడా అదిరించింది. తెరలో ఆమె ముఖం అదిరి, మిషన్ ఆగాక నిలబడింది. ఎవరి కోసం ఇన్ని గదులు తుడిచానని అడుగుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించిందా అంటే, అదీ అనిపించలేదు. కాచుకుని కూర్చున్నాడు.

“మేడమ్ వాళ్ళమ్మ చచ్చిపోయింది మొన్న,” అంది హేమావతి. “ముసలామెకు నేనే నీళ్ళు పోస్తాంటి, నేనే తినిపిస్తాంటి. అందురూ ఏడుస్తాండారు. నేను గ్లాసులు కడుగుతాండా. ఊరికి పోతాండావు, సంతోషమేనా అని మేడమ్ అడిగింది. ఊఁ అన్నా.”

“నువ్వు గూడా ఊఁ అంటివా?”

“నీ దగ్గరే నేర్చుకుంటి.”

 ఫోను ఇద్దరూ పెట్టేయలేదు.

“అయితే బ్యాగే తెస్తా,” అంది ఆమె చివరికి. “వాయించమని గాదు. పెట్టె తెచ్చినాననుకో, దాన్ని అందులో పెట్టి చిలుకులేస్తావు. నేను గూడా దాని మీద మడిచిన బట్టలు పెడతా. ఇంగ ఎప్పుడూ తియ్యం. బ్యాగయితే సూట్‌కేసులో పట్టనివి దాంట్లో కుక్కుకొని ఈపుకేసుకొని వస్తా. ఇమానంలో అందురూ నేనే వాయిస్తా అనుకుంటారు.”

“అనుకోనీ.”

“దుప్పట్లు పాయె,” అంది హేమావతి. “ఇచ్చినోళ్ళను మళ్ళీ అడిగితే బాగుండదు.”

ఆమె దిగిన ఉదయం ఓబులేష్ బెంగళూరు విమానాశ్రయం బయట ఇనుప కడ్డీకి ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. గోళ్ళలోని నలుపు మాత్రం ఏ సబ్బుకూ పోలేదు. వచ్చేవాళ్ళలో ఆమెను ముందు గుర్తుపట్టలేదు. ముందు బ్యాగు కనిపించింది, మనిషి తల కంటే జానెడు ఎత్తుగా, బట్టలతో ఉబ్బి. దాని కింద హేమావతి. చిక్కింది. వాళ్ళు కౌగిలించుకోలేదు, ఏడవనూ లేదు. చుట్టుపక్కల అందరూ రెండూ చేస్తున్నారు. అతను సూట్‌కేసు అందుకున్నాడు. బ్యాగు కోసం చేయి చాపితే, పట్టీలు తన భుజాలకు సరిపెట్టుకున్నానని, ఉండనిమ్మని అంది.

దేవనహళ్ళి దగ్గర పుట్టపర్తి బస్సు ఎక్కారు. ముగ్గురి సీటులో ఇద్దరూ కూర్చుని, బ్యాగును తమ ఇద్దరి తొడల మీద అడ్డంగా పెట్టుకున్నారు. కండక్టర్ టిక్కెట్లు కొడుతూ వచ్చి దాన్ని వేలితో తట్టాడు.

“ఏమమ్మా, గిటారా?”

“బట్టలప్పా,” అంది హేమావతి.

“గిటారు సంచీలో బట్టలా? మరి గిటారు యాడ?”

హేమావతి కిటికీ వైపు తిరిగింది.  కండక్టర్ టిక్కెట్టు చింపి ఇచ్చి, చిల్లర కోసం తన సంచీలో వెతుక్కుంటున్నాడు. అతను అడిగిన సంగతి అతనే మర్చిపోయాడు.

“ఇంట్లో ఉండాది,” అన్నాడు ఓబులేష్.

కండక్టర్ తల ఎత్తి, అవునా అన్నట్టు చూసి, వెనక సీటుకు పోయాడు. హేమావతి కిటికీ నుంచి తల తిప్పలేదు. బ్యాగు ఆమె వైపు ఎక్కువగా ఉంది. దాన్ని కొంచెం అతని వైపు జరిపింది. ఓబులేష్ దాని మీద చేయి వేసి, బస్సు ఊగినప్పుడు పడకుండా పట్టుకున్నాడు.