అణుబాంబులు వద్దన్న కాగితం

ఎనభైల మొదట్లో, ఒక మధ్యాహ్నం చికాగో రైల్వే స్టేషన్‌లో ఒక కాలేజీ అమ్మాయి అణుబాంబులు వద్దంటూ సంతకాలు సేకరిస్తోంది. నా పక్కన కూర్చున్న అమెరికన్ పెద్దాయన ఆమె దగ్గర పెన్ను తీసుకున్నారు గానీ, చాలాసేపు రాయలేదు.

"ముప్పై ఏళ్ల కిందట ఇలాంటి దాని మీదే సంతకం పెట్టాను. కమ్యూనిస్టునన్నారు. టీచర్ ఉద్యోగం పోయింది. ఇరుగుపొరుగు పలకరించడం మానేశారు. తర్వాత తివాచీలు అమ్ముకున్నాను. బాగానే అమ్మాను లెండి," అని నాతో అంటూ నవ్వారు. ఆ కాగితం మీద పూర్తి పేరు, చిరునామా రాశారు.

అమ్మాయి కాగితం నాకిచ్చింది. ఊళ్లో జమీందారీ ఎస్టేటు పోయినా మా వంశంలో ఎవరూ భయపడి అబద్ధమాడలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కానీ అప్పటికి నాకింకా గ్రీన్‌కార్డ్ రాలేదు.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదు," అన్నాను.

నా ఒళ్లో ఇంగ్లీషు పేపరు తెరిచి ఉంది. అమ్మాయి దాన్ని చూసింది. పెద్దాయనా చూశారు.

"ఆయనకి రాదమ్మా. ఇందాకటి నుంచి నేనే చదివిపెడుతున్నాను," అంటూ ఆ పేపరు తీసుకుని, వాతావరణ వార్తలు నెమ్మదిగా చదవసాగారు.

అమ్మాయి వెళ్లిపోయాక కూడా ఆయన ఆపలేదు. నేను ఆపమనలేదు.