వంటామె పక్షం

మొన్న హిందూపురంలో పాత పుస్తకాల బండి మీద, అట్ట చూడగానే గుర్తుపట్టిన ఒక చిన్న డిటెక్టివ్ నవలను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మగ్గిన కాగితం వాసన వెనకాలే, నా భ్రమో ఏమో, యాలకులూ కాగిన నెయ్యీ కలిసిన వాసన తగిలి, ధర్మవరంలో మా ఇంటి పంచలోకి వెళ్లిపోయాను.

తొంభైల నాటి దసరా సెలవులు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు, ఇంటింటా బెల్లం పాకం వాసన, చీకటి పడేదాకా మా తొక్కుడుబిళ్లాట. మా అవ్వకు మాత్రం పండగంటే పని. అంగళ్ల వాళ్ల ఇళ్లకు పోయి పూర్ణం పెట్టిన ఓళిగలు, కజ్జికాయలు చేసిపెట్టేది; పెనుకొండ నుంచి కూడా ఆమెకు పిలుపులొచ్చేవి. చదువు రాదు గానీ కథలంటే ప్రాణం. అందుకే బస్టాండు దగ్గరి బంకులో నవల అద్దెకు తెచ్చి, మధ్యాహ్నాలు ఆమె చేటలో కందిబేడలు ఏరుతుంటే, పక్కింటి లక్ష్మక్క పట్టు కండెలు చుడుతుంటే, నేను గట్టిగా చదివేదాన్ని.

అట్లా తెచ్చిన ఈ నవలలో దసరాకు చుట్టాలంతా చేరిన ఇంట్లో ముత్యాల హారం పోతుంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ కజ్జికాయలు నములుతూ అందరినీ ఆరా తీస్తుంది. చావులూ నెత్తురూ లేని నవ్వుల కథ. అయితే మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో 'దొంగ వంటామె' అని రాసిపెట్టాడు. అద్దె పుస్తకాలకు ఈ తెగులు మామూలే. నోరు ఊరుకోక అది కూడా పైకి చదివేశాను.

లక్ష్మక్క కిసుక్కున నవ్వింది. "చూడత్తా, వంటోళ్లను నమ్మకూడదనేది ఇందుకే!"

అవ్వ చేట కింద పెట్టింది. పరాయి ఇంట్లో చెంచా కనపడకపోయినా ముందు చూపులు తన మీదికే వస్తాయని ఆమెకు తెలుసు.

"పండగ పూట పొయ్యికాడ చచ్చేదానికి దొంగతనం చేసే తీరిక యాడుండాది? ఆమే దొంగైతే నేను ఇంక ఎవురింట్లోనూ ఓళిగ చెయ్యను, పో!"

మొండిఘటం, అన్నంత పనీ చేస్తుంది. ఆమె చేతి ఓళిగ లేకపోతే అదేం పండగ! చివర్లో వంటామే దొంగని ఉంటే మార్చి చదివేద్దామని కూడా అనుకున్నాను.

మర్నాడు ఆఖరి పేజీలు చదివాను. హారం ఎక్కడికీ పోలేదు. అత్తగారిని ఆటపట్టించాలని కొత్తల్లుడు దాన్ని బొమ్మల కొలువులో అమ్మవారి బొమ్మ మెడలో వేశాడు. రోజూ హారతిచ్చినవాళ్లు ఒక్కరూ గమనించలేదు!

"అట్ల చెప్పు నా తల్లీ!" అని అవ్వ తొడ చరిచింది. లక్ష్మక్క చెంపలు వేసుకుంది.

"ఆ పెన్సిలు రాత కొట్టేసి, నిజం రాయి పాపా. రేపు ఇంకో బిడ్డ చదివి ఆమెను దొంగనుకోదా?" అంది అవ్వ.

ఆ ఏడు ఓళిగలు ఎన్నడూ లేనంత మెత్తగా వచ్చాయి. ఇప్పుడు అవ్వ లేదు, అద్దె పుస్తకాల బంకు లేదు, చదివితే వినే ఆ పంచా లేదు. బండాయన నా చేతిలో పుస్తకం చూసి, "దాంట్లో గీతలు గీసినారు మేడమ్, ఇంకోటి తీసుకోండి" అన్నాడు.

మొదటి పేజీ తిప్పాను. కొట్టేసిన మాట కింద నా వంకర అక్షరాలు: 'వంటామె దొంగ కాదు. మా అవ్వ ముందే చెప్పింది.'

"ఇదే కావాలప్పా," అన్నాను. "ఈ రాత మా ఇంటిది."