అక్క మరుపు, మా ఇద్దరి ఆపరేషన్

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. నేల పదును ఆరిపోకముందే వేరుశనగ వేయాలని అందరం చేలోకి దిగాం. మా బావ ఎద్దులు కట్టి విత్తే గొర్రు తోలుతుంటే వెనక మా అక్క ఓబులమ్మ విత్తనం వేయాలి. పెళ్లయినప్పటి నుంచి అది ఆమె పనే. చేను సగమయ్యాక బావ వెనక్కి తిరిగి చూస్తే, అక్క ఒడిలో గింజలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఎద్దుల వెంట ఊరికే నడుస్తోంది.

"ఏమే, గింజలు ఎయ్యలేదేమి?" అన్నాడు బావ.

"ఎయ్యమని నువ్వు చెప్పలేదు కదా" అంది అక్క.

నవ్వులాటకు అన్న మాట కాదది. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది.

అక్కా నేనూ అన్నదమ్ములను చేసుకున్నాం. అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో మా ఇళ్లకు మధ్య ఒకటే గోడ. నా భర్త పోయాక అక్కా బావే నాకు దిక్కు. అప్పటికి అక్కకు యాభై మూడేళ్లు.

ఆ తర్వాత పప్పులో ఉప్పు మళ్లీ మళ్లీ వేసేది. చేలోంచి ఇంటికి రాబోయి పక్క ఊరి దారి పట్టేది. ఈ వయసులో ఆడవాళ్లకు మామూలేనని బావ కొన్నాళ్లు కొట్టిపారేశాడు. నేను పోరితే తాడిపత్రిలో ఒక డాక్టరుకు చూపించాం. ఆయన గుర్తుపెట్టుకోమని మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగాడు. అక్క మూడూ అప్పజెప్పింది. పైగా "మీదే ఊరు సార్?" అని ఆయన బంధువులందరి గురించీ ఆరా తీసింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషికి మతిమరుపేమిటి, టెన్షన్ అంతే అని నిద్రమాత్రలు రాశాడు. ఆ మాత్రలకు ఆమె ఇంకా మందగించింది. ఒక పొద్దు గడప దగ్గర తూలి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అట్లా ఏడాది పైనే పోయింది.

చివరికి అనంతపురంలో న్యూరాలజిస్టు మేడమ్ దగ్గరికి వెళ్లాం. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఎంఆర్ఐ అన్నీ అయ్యాయి. ఒక చిన్న కథ చెప్పి, కొంతసేపటికి అదేమిటని అడిగితే, "ఏం కథ?" అంది అక్క. మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి అల్జీమర్స్ అని చెప్పింది. మొదటి డాక్టరుకు ఎందుకు తెలియలేదని అడిగాను. మాటల జ్ఞాపకం ఆడవాళ్లలో సాధారణంగా బలంగా ఉంటుందట. చిన్నచిన్న పరీక్షల్లో అది జబ్బును దాచేస్తుందట. బయటపడేసరికి జబ్బు చాలా దూరం వచ్చి ఉంటుందట.

తర్వాత ఆమె అంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది. "పీరియడ్స్ ఏ వయసులో ఆగిపోయాయమ్మా?"

ముప్పై నాలుగేళ్లకే గర్భసంచి తీసేశారని చెప్పాను. ఓవరీస్, అంటే అండాశయాలు కూడా తీశారా అంది. మాకు తెలియదు. తెల్లబట్ట అవుతోందని ఆసుపత్రికి వెళ్తే, గర్భసంచి ఉంచితే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారు. మరుసటి ఏడు నాకూ అదే బాధ, అదే మాట, అదే ఆపరేషన్. లోపల ఏం తీశారో ఇద్దరికీ చెప్పలేదు. ఆపరేషన్ అయిన వెంటనే ఒంట్లో ఆవిర్లు వచ్చాయా అని మేడమ్ అడిగింది. వచ్చాయి. చలికాలంలో కూడా అక్క తడిగుడ్డ కప్పుకుని బండల మీద పడుకునేది. అయితే ఓవరీస్ కూడా తీసేసి ఉంటారని మేడమ్ అంది.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ చిన్న వయసులో ఓవరీస్ తీసేసి, తర్వాత హార్మోన్ మందులు ఇవ్వకపోతే మెదడు జబ్బుల రిస్క్ పెరగొచ్చు."

"నాకూ అట్లే ఆవిర్లు వచ్చినాయి మేడమ్. నాకూ ఈ జబ్బు వస్తాదా?"

మేడమ్ నా వైపు తిరిగింది. "రావచ్చు, రాకపోవచ్చు. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకో. రోజూ నడువు."

బస్సులో ఊరు దగ్గరయ్యాక బావ నా సీటు వైపు వంగాడు. "కడుపులోది తీసేస్తే తలకాయకు తగులుతాదని ఆ పొద్దు ఎవురన్నా చెప్పింటే..." అన్నాడు.

మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర మొదలుపెడితే వాంతులు పట్టుకుని అక్క సగమైంది. డోసు తగ్గించాక కొన్ని నెలలు కుదురుగా ఉంది. తర్వాత జారుడే. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయింది. ఊరంతా వెతికితే ఎండిన వాగు వంకలో ఒక బండ నీడన దొరికింది. అరికాళ్లు బొబ్బలెక్కి, పెదాలు పగిలి ఉన్నాయి. అప్పటి నుంచి బావ తలుపుకు గడియ పెడుతున్నాడు. పెండ్లాన్ని బంధించినాడని వీధిలో అన్నారు. స్నానం చేయించేదీ జడ వేసేదీ ఆయనే. ఒకరోజు జడ వేయించుకుని అక్క నన్ను మెల్లగా అడిగింది:

"ఆయప్ప ఎవురు? మంచోడే."

బావ దువ్వెనలో వెంట్రుకలు తీసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అక్క మాట్లాడదు. జావ చెంచాతో పోస్తే మింగుతుంది, ఒక్కోసారి దగ్గు తెర వచ్చి ఊపిరి ఆడదు. నేను పొద్దున్నే రోడ్డు వెంట నడుస్తాను, బీపీ మాత్ర మానను. ఎవరి పేరైనా నోటికి రాకపోతే చేస్తున్న పని వదిలేసి, గుర్తొచ్చేదాకా నిలబడిపోతాను.

గర్భసంచి తీయాలని మీకు చెబితే, ముందు ఇంకో డాక్టరుకు చూపించుకోండి. తీయక తప్పదంటే, ఓవరీస్ ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకు, ఆ తర్వాత ఏం మందు ఇస్తారు అని ఆపరేషన్ బల్ల ఎక్కకముందే అడగండి. మేం అడగలేదు. అడగాలని మాకు తెలియదు.