తూనీగ ఆగలేకపోయిన కాసేపు

మా మనవరాలిని ఇంట్లో అందరం తూనీగ అంటాం. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. ఓ బట్టల మిల్లులో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడటం దాని ఉద్యోగం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒక్కోదాన్నీ “ఉన్నావా?” అని పిలిచి, పలకనివేవో ఆఫీసరుకు చెప్పే స్క్రిప్టు, అదే ఓ చిన్న ప్రోగ్రాము, ఒకటి రాసింది.

“ఇక నేను తిరిగి చూడక్కర్లేదు అమ్మమ్మా, అదే చూసుకుంటుంది!” అని మురిసిపోయింది.

తీరా కరెంటు వచ్చిన ప్రతిసారీ సగం కంప్యూటర్లు పలకలేదని కబురు వెళ్లేది. పోయి చూస్తే అన్నీ నిక్షేపంగా ఉండేవి. వైర్లు వదులుగా ఉన్నాయి, వైర్‌మ్యాన్ పనిదొంగ అని ఆఫీసరు తేల్చేశాడు. ఆ ముసలి వైర్‌మ్యాన్‌ని ఇది బాబాయ్ అంటుంది. చేరిన కొత్తలో కుర్చీ లేకపోతే తన స్టూలు దీనికిచ్చి, తను నిచ్చెన మెట్టు మీద కూర్చున్న మనిషి. ఆయన్ని పనిలోంచి తీసేశారు.

తరవాత దీనికి తట్టింది. కరెంటు రాగానే కంప్యూటర్లు లేవవట, ఒళ్లు విరుచుకోడానికి కాస్త టైము కావాలట. ఇదేమో అవి కళ్లు తెరవకముందే పిలిచి, పలకలేదని చాడీ చెప్పేస్తోంది. కాసేపు ఆగి పిలవమని స్క్రిప్టులో ఒక్క లైను చేర్చింది. మళ్లీ కరెంటు పోయొచ్చింది. అన్నీ పలికాయి.

ఆ రోజు కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. గదమాయిస్తే సంగతి కక్కింది.

“ఆఫీసరుకి చెప్పావుటే?”

“సరిచేశాను కదా అమ్మమ్మా. ఇక కంప్లయింట్లు రావు.”

“అవి రావులే. మీ బాబాయి వస్తాడా?”

“చెబితే నా ఉద్యోగం పోతుందేమో.”

“పోతే గుమ్మంలో నా పక్కన కూర్చో. వచ్చేపోయేవాళ్లని ఒక్కదాన్నీ తిట్టలేక చస్తున్నా.”

నవ్వుతుందనుకున్నా. ఏడ్చింది.

మర్నాడు అందరి ముందూ తప్పు తనదని చెప్పింది. ఆఫీసరు చెడామడా వాయించాడు కానీ ఉద్యోగం తీయలేదు. వైర్‌మ్యాన్‌ని వెనక్కి పిలవమన్నాడు. ఆ కబురు తనే చెబుతానని ఇది ఆయనింటికెళ్లింది. ఆయన అరుగు మీద ఎవరిదో ఫ్యాను బాగుచేస్తున్నాడట.

“బాబాయ్, వైర్లు బాగానే ఉన్నాయి. తప్పంతా నాదే.”

ఆయన స్క్రూ తిప్పడం ఆపాడు. “అలాగా అమ్మా? చేతులు వణుకుతున్నాయి కదా, నేనే సరిగా బిగించలేదేమో అనుకున్నా.”

దానికంటే నాలుగు తిట్టినా బాగుండేదంది ఇది.

ఆయన పనిలోకి వచ్చాడు. ఇదివరకు లేని అలవాటొకటి పట్టుకుందట ఆయనకి. వైరు బిగించాక మళ్లీ ఓసారి లాగి చూసుకుంటాడట. అప్పుడు మా తూనీగ తల పక్కకి తిప్పుకుంటుంది.