ఆ టీచర్ ఏమీ అనలేదు

ఎనిమిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. దాన్ని చెప్పింది ఒక్కసారే. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే అందరూ నమ్మారు. నా పేరు రాయను. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య కాపురం చేసి, బీడీలు చుట్టి, ఒక్క కొడుకును పెంచుకున్న ముసలిదాన్ని అనుకోండి, చాలు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదేమో. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలకనే ఇన్నేళ్లు గడిచాయి.

నా కొడుకు బిడ్డ లాస్యకు మూడున్నరేళ్లు నిండగానే మా కోడలు రజిత దాన్ని చర్చి ఆవరణలో నడిచే చిన్నపిల్లల బడిలో వేసింది. రజిత చదువు ఇంటర్‌తోనే ఆగిపోయింది. ఆ బడి పిల్లలు వరుసగా నిలబడి చేతులు కడుక్కోవడం, అడగ్గానే ఇంగ్లిషులో పేరు చెప్పడం చూసి, తన బిడ్డ కూడా అలా కావాలనుకుంది. నా కొడుకు సరేనన్నాడు. నేను వద్దన్నాను. మన దేవుళ్లను మరిచిపోతుందన్నాను. మరిచిపోవడానికి ముందు దానికి ఏమన్నా గుర్తుండాలి కదా అత్తమ్మా అని రజిత నవ్వింది. నా మాట చెల్లలేదు. అది గుచ్చుకుంది. ఇది కూడా రాయాల్సిందే.

మొదటి వారమంతా లాస్య ఏడ్చింది. రెండో వారం నుంచి పొద్దున్నే బ్యాగు తగిలించుకుని గడపలో కూర్చునేది. కారణం ఎస్తేర్ టీచర్. కొడిమ్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. ఇరవై మూడో, నాలుగో ఏళ్లుంటాయి. తల్లి కూలికి పోయేది. ఆ ఇంట్లో చదువుకుని ఉద్యోగంలో చేరిన మొదటి మనిషి తనే. పిల్లను దింపడం, తీసుకురావడం నా పని కాబట్టి ఆమెను రోజూ చూసేదాన్ని. మధ్యాహ్నం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, రెండు ముక్కల ప్రార్థన చెప్పించి, తినని వాళ్లకు తనే ముద్దలు కలిపి పెట్టేది. ఇంట్లో నాలుగు మెతుకులు తినడానికి ఇల్లంతా తిప్పే లాస్య అక్కడ డబ్బా ఖాళీ చేసేది. ఎస్తేర్ టీచర్ పెడితేనే మంచిగుంటుందని నాతోనే అనేది.

నాకు కోపం వచ్చేది. దేని మీద? దేవుడి మాట కోసమని చెప్పుకున్నాను. ఇన్నేళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ నన్ను కాల్చింది ఆ ప్రార్థన కాదు. ఆ చెయ్యి. ఊళ్లలో ఆమె కులం వాళ్ల ఇళ్లు ఎక్కడ ఉంటాయో, వాళ్లు ముట్టిన నీళ్లు మా అమ్మ ఎందుకు తాగేది కాదో చూస్తూ పెరిగినదాన్ని. ఆ చేత్తో నా మనవరాలు తినడం, పైగా నా చేతికంటే అదే రుచిగా ఉందనడం, నేను తట్టుకోలేకపోయాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ దేవుడి చాటున దాక్కుని రాస్తే ఇది ఒప్పుకోవడం ఎలా అవుతుంది?

దసరా సెలవులు అయిపోయి బడి మళ్లీ తెరిచిన వారంలో ఒక మధ్యాహ్నం వాకిట్లో బీడీలు చుడుతున్నాను. లాస్య పక్కన కూర్చుని బడిలో నేర్పిన పాట పాడుతోంది. చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేస్తూ, అచ్చం ఆ టీచర్‌లాగే. నేను చేట పక్కకు జరిపి, దాని గడ్డం పట్టుకుని అన్నాను.

"ఆ బడిల నోరు తెరిస్తే మన రాజన్న దేవుడు నీ నోట్లె మాట గుంజుకుంటడు. మీ అమ్మకు చెప్తే మీ అమ్మది సుత గుంజుకుంటడు."

పాట ఆగిపోయింది. నేను నవ్వుతానేమోనని అది నా మొహంలోకి చూసింది. నేను నవ్వలేదు.

మర్నాటి నుంచి లాస్య బడిలో మాట్లాడలేదు. మొదటి రెండు రోజులు గెలిచినట్టే అనిపించింది. తర్వాత భయం మొదలైంది. దాహమైనా చెప్పదు. ఒంటికి వచ్చినా చెప్పదు. బట్టలు తడుపుకుంటే ఎస్తేర్ టీచర్ కడిగి, వేరే గౌను తొడిగి నాకు అప్పగించేది. నెల తిరిగేసరికి ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది. తల్లి దగ్గరికి వస్తే పెదవులు బిగబట్టేది. తను నోరు జారితే అమ్మ మాట పోతుందని భయపడిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? కొంచెం తెలిసింది. ఆ కొంచెం తెలిసి ఊరుకోవడమే నా పాపం.

కరీంనగర్ డాక్టర్‌కు చూపించారు. చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది, పిల్ల దేనికో జడుసుకుంది, బడిలో కనుక్కోండి అన్నాడు. ఆ మాట విని రజిత దారి పొడవునా ఏడ్చింది. బీడీలు చుట్టే చోట ఆడవాళ్లు నన్ను అడిగారు. ఏమో, ఆ టీచరే బెదిరించిందేమో అన్నాను. ఏమో అనే అన్నాను. రెండు రోజుల్లో అది, బాత్రూములో వేసి గడియ పెట్టిందట అనే మాటగా మారి నా దగ్గరికే తిరిగి వచ్చింది. నేను కాదనలేదు.

నా కొడుకు బడికి పోయి కేకలు వేశాడు. ఇంకో నలుగురు తల్లిదండ్రులు తోడయ్యారు. బడి చూసుకునే పెద్ద సిస్టర్ అందరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది. ఎస్తేర్ టీచర్ గోడవారగా నిలబడింది. సిస్టర్ నన్నే అడిగింది.

"అమ్మా, పాపను రోజూ తీసుకొచ్చేది మీరే కదా. ఇంటి దగ్గర ఎవరైనా ఏమన్నా అన్నారా? భయపెట్టారా?"

"మా ఇంట్ల ఎవలం ఏమంటం సిస్టర్? ఒక్కతే పిల్ల."

"నేనేమనలే సిస్టర్," అంది ఎస్తేర్ టీచర్. "పాపనే అడుగుండ్రి."

అందరూ లాస్య వైపు చూశారు. లాస్య నా వైపు చూసింది. దాని చూపు వెంటే ఆ టీచర్ కూడా నన్ను చూసింది. నేను కొంగు సర్దుకున్నాను.

క్రిస్మస్ సెలవులు రాకముందే ఆమెను తీసేశారు. చివరి రోజు గేటు దగ్గర వంగి లాస్య తల నిమిరింది. నాతో ఏమీ అనలేదు.

ఆమె పోతే పిల్ల మాట్లాడుతుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. మాట్లాడలేదు. ఇంకా ముడుచుకుపోయింది. ఇక నేను దాన్ని అలా చూడలేకపోయాను. నిజం చెప్పానా? లేదు. అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించాను.

"రాజన్న నా కలలకచ్చిండు బిడ్డా. ఎవలితోనైనా మాట్లాడుమన్నడు."

అది చాలాసేపు ఆలోచించి, గుసగుసగా అడిగింది. "ఎస్తేర్ టీచర్‌తోని సుతనా?"

నేను లేచి లోపలికి పోయాను.

కొద్దికొద్దిగా మాట వచ్చింది. వేసవికల్లా తల్లి మెడ పట్టుకుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆ టీచర్ పోయాకే పిల్ల బాగైందని అందరూ లెక్క తేల్చారు. నా అబద్ధానికి రుజువు కూడా దొరికింది. ఎవరైనా లాస్యను మెచ్చుకుంటే నాకు ఆఫీసు గది గోడ గుర్తొచ్చేది. ఆమె ఎక్కడుందో, మళ్లీ ఏ బడిలోనైనా చేర్చుకున్నారో లేదో అని ఆలోచించేదాన్ని. కనుక్కోవడానికి మాత్రం ఒక్క అడుగు వేయలేదు.

సిరిసిల్లలో పని పలచబడి, రెండేళ్ల కిందట జగిత్యాల వచ్చేశాం. నా కొడుకు ఇక్కడ ఒక దుకాణంలో చేస్తున్నాడు. లాస్య ఆరో తరగతి. దాని చెల్లెలు హాసినికి ఈ ఏడు మూడున్నర. మంచి కిండర్‌గార్టెన్ కోసం రజిత వెతుకుతుంటే, పక్కింటామె సారంగాపూర్ పోయే దారిలో ఒక చిన్న బడి ఉందని చెప్పింది. ఒక క్రైస్తవ టీచర్ అద్దె ఇంట్లో నడుపుతోందట. చాలా ఓపికట. పేరు ఎస్తేర్, కొడిమ్యాల దిక్కు మనిషి.

రజిత మొహం మారిపోయింది. లాస్యను జడిపించినామెనా, ఆ గడప తొక్కం అంది. అక్కడ నేను ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. కానీ ఆమె మీద నింద ఈ ఊరికి కూడా పాకబోతోంది, అదీ నా కళ్ల ముందు, నా కోడలి నోటి నుంచి. కూర తరుగుతున్న రజిత పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. చెయ్యి సంగతి కూడా.

రజిత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. వేళకు కంచం పెట్టేది. నా కొడుకు అరవలేదు. అమ్మా, ఆ రోజు నేను ఆ టీచర్ మీద చెయ్యెత్తబోయిన అని మాత్రం అన్నాడు. అంతకంటే అరిచినా బాగుండేది. పదో రోజు రజితే వచ్చి, పోదాం, నా ముందర చెప్పాలె అంది.

హాసినిని కూడా తీసుకుని పోయాం. ఎస్తేర్ టీచర్ కొంచెం ఒళ్లు చేసింది. తల పక్కన ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. మమ్మల్ని గుర్తుపట్టి, పిల్లలను ఆయమ్మకు అప్పగించి వచ్చి కూర్చుంది. నేను చెప్పాను. మధ్యలో ఆగాను, మళ్లీ చెప్పాను. ఆమె అడ్డు రాలేదు.

"ఆ రోజు ఆఫీసుల మీ మొహం చూసిన," అంది చివరికి. "మీరు చెప్తరని ఆ నెలంత ఎదురుచూసిన. రెండేండ్లు నన్ను ఏ బడి తీసుకోలే. అమ్మతోని నాట్లకు పోయిన."

నేను కాళ్ల మీద పడబోయాను. వద్దని వెనక్కి జరిగింది. లాస్య ఎట్లుంది, మాట్లాడుతుందా అని రజితను అడిగింది. మస్తు మాట్లాడుతుంది టీచర్ అని రజిత అనగానే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకున్నాక, కుర్చీ కింద దూరిన హాసినిని చూసింది.

"ఆ ముచ్చట వేరు, ఈ పిల్ల వేరు. సోమవారం నుంచి తోల్కరాండ్రి."

ఇంటికి వచ్చి, బీడీలు చుట్టే చోట నా మాట విన్న ఆడవాళ్లలో దొరికినంత మందికి ఫోన్ చేశాను. ఒకామె నమ్మలేదు. ఇంకొకామె ఫోన్ పెట్టేసింది. తర్వాత లాస్యకు చెప్పాను. అన్నిటికంటే అదే కష్టమైంది. దానికి నా బెదిరింపు గుర్తు లేదు. అయితే క్లాసులో లేచి నిలబడితే ఇప్పటికీ ఒక్కోసారి గొంతు పట్టేస్తుందట. ఎందుకో తెలియక, తనలోనే ఏదో లోపం ఉందనుకుందట. నా లోపం కాదన్నట్టే కదా బాపమ్మా అని అడిగింది. కాదు బిడ్డా, నాదే అన్నాను. అది ఏడ్చింది, కోపంగా లేచి పోయింది. సాయంత్రానికి తిరిగి వచ్చి ఆ టీచర్‌ను చూస్తానంది. వచ్చే ఆదివారం రజిత తీసుకుపోతుంది. నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.

నన్ను క్షమించారా? ఎవరూ ఆ మాట అనలేదు. నేను అడగడం మానేశాను. కానీ ఇప్పుడు ఇంట్లో ఏ మాట మొదలైనా నేను లేచి లోపలికి పోను. హాసినిని బడికి దింపేది నేనే. రజిత ఆ పని నా దగ్గరి నుంచి తీసేసుకుంటుందనుకున్నాను, తీసుకోలేదు. రోజూ ఆ గేటు ముందు నిలబడతాను. ఎస్తేర్ టీచర్ పిల్ల చెయ్యి అందుకుని, తల ఊపి లోపలికి పోతుంది. మొన్న మాత్రం ఆగింది. పాపకు దగ్గు తగ్గిందా అని అడిగింది. తగ్గింది టీచర్ అన్నాను.