రెండు వేళ్ళు కిందకి పట్టిన టేపు

2023 మే నెల. గుంటూరులో ఒక ఆసుపత్రి, పిల్లల క్యాన్సర్ వార్డు. నర్సుగా అప్పటికి నాకు పద్నాలుగేళ్ళ సర్వీసు.

పిల్లలకు రక్తం గడ్డకట్టడమేమిటి, అది పెద్దవాళ్ళ జబ్బు కదా అని చాలామంది అడుగుతారు. రక్త క్యాన్సర్‌కు వాడే ఒక ముఖ్యమైన మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. పైగా మందులు ఎక్కించడానికి చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా సన్నటి గొట్టం వేస్తాం. దాన్ని పిక్ లైన్ అంటాం. దాని చుట్టూ గడ్డ పేరుకుంటే చెయ్యి వాస్తుంది. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

హర్షితకు పదమూడేళ్ళు. ఊరు మంగళగిరి. తల్లి మల్లేశ్వరి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. గడ్డ కట్టకుండా ఆ పిల్లకు రోజూ పొట్ట మీద చిన్న ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం. ఆ వారం వెన్నులోకి మందు ఎక్కించాలి. చూస్తే ప్లేట్‌లెట్లు, అంటే రక్తం కారకుండా ఆపే కణాలు, తగ్గుతున్నాయి. వెన్నులో రక్తం కారుతుందేమోనని డాక్టరు గారు ఇంజెక్షన్ ఆపించారు.

"లైను ఉన్న చెయ్యి రోజూ కొలవండి. ఇంజెక్షన్ లేని ఈ రెండు మూడు రోజులే భయం" అని నాతో చెప్పారు.

వెన్నులో మందు ఇచ్చిన మర్నాడు ఉదయం టేపు చుట్టి చెయ్యి కొలిచాను. ముందురోజు అంకే వచ్చింది. "బాగానే ఉంది" అని రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళబోతుంటే మల్లేశ్వరి పిలిచింది.

"సిస్టర్ గారూ, ఏమనుకోకండి. నిన్న పట్టిన చోట పట్టలేదు మీరు. రెండు వేళ్ళు కిందకి పట్టారు."

నాకు చిరాకేసింది. "రోజూ చేసే పనేనమ్మా" అన్నాను.

"కాదనట్లేదండి. కింద చెయ్యి సన్నగా ఉంటది కదా. అక్కడే నిన్నటి కొలతొస్తే, పైన పెరిగినట్టేగా."

ఆగిపోయాను. కొలిచే చోట పెన్నుతో పెట్టిన గుర్తు ఒళ్ళు తుడిచినప్పుడు చెరిగిపోయింది. నేను అంచనాగా టేపు చుట్టాను. ఈసారి మోచేతి నుంచి దూరం కొలిచి, సరైన చోట పట్టాను. రెండు సెంటీమీటర్లు ఎక్కువ.

"చెయ్యి నొప్పిగా ఉందా తల్లీ?"

"బిగుసుకున్నట్టుంది. నిన్న సాయంత్రం నుంచి" అంది హర్షిత.

"మరి చెప్పలేదే?"

"చెబితే ఈ గొట్టం తీసేసి మళ్ళీ పొడుస్తారుగా."

డాప్లర్ స్కాన్‌లో, అంటే నరాల్లో రక్తం పారే తీరు చూపించే పరీక్షలో, గొట్టం చుట్టూ గడ్డ కనబడింది. ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెడితే రక్తస్రావం భయం, పెట్టకపోతే గడ్డ పెరుగుతుందని భయం. ప్లేట్‌లెట్లు ఎక్కించి, తక్కువ డోసుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచారు. ఆ మూడు రోజులూ పిల్ల దగ్గినా చేతిలో పని వదిలి చూసేదాన్ని. తలనొప్పి అంటుందేమో, ఆయాసపడుతుందేమో అని ఏదో ఒక సాకుతో ఆ మంచం దగ్గరికే వెళ్ళేదాన్ని. సెలవు రోజు కూడా వార్డుకు రెండుసార్లు ఫోను చేశాను.

నాలుగో రోజు వాపు దిగడం మొదలైంది. తర్వాతి స్కాన్‌లో గడ్డ కరిగిపోతోందని తేలింది. క్యాన్సర్ మందులు మళ్ళీ సాగాయి. ఇంటి దగ్గర ఇంజెక్షన్ ఇవ్వడం మల్లేశ్వరి నేర్చుకుంది.

డిశ్చార్జి రోజున ఆవిడతో, "ఆ పొద్దున పొరపాటు నాదేనమ్మా" అన్నాను.

"మేమూ తప్పు కొలుస్తామండి" అంది. "గుడ్డయితే విప్పి మళ్ళీ కుట్టుకుంటాం."

దెప్పిపొడుపుగా అనలేదు. అయినా "రోజూ చేసే పనే" అనడం అప్పటినుంచి మానేశాను. ఇప్పుడు ఏ పిల్లను చూడబోయినా, ముందు తల్లినే అడుగుతాను: నిన్నటికీ ఇవాళ్టికీ మీకేమైనా తేడా కనబడిందా అని. ఆ తల్లి చెప్పడం పూర్తయ్యేదాకా ఏమీ రాయను.